అవ్వ వండిన పాస్‌వర్డ్

ఈ మధ్య మా ఇంటికి కొత్త ఇంటర్‌నెట్ బిగించడానికి ఒకతను వచ్చాడు. మహబూబ్‌నగర్‌లో మేం కిరాయికి ఉంటున్న ఇంట్లో హాలు గోడకు మేకు కొట్టి, తెల్లటి డబ్బా ఒకటి తగిలించి, దాని మీది యాంటెనా పుల్లలన్నీ నిలబెట్టి, ఇక అంతా అయిపోయిందన్నట్టు చేతులు దులుపుకున్నాడు. "దీని లోపలి సెట్టింగులు ఎట్ల తెరవాలె?" అని అడిగాను. పెరుగు తోడు పెట్టుకునే మనిషికి ఈ సంగతెందుకన్నట్టు చూశాడు. "అవన్ని మీకెందుకు మేడం? కంపెనీయే సూసుకుంటది. పేరు మార్చుకునేటందుకు మీకు యాప్ ఇస్తరు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నా గోడకు వేలాడుతూ, నా కరెంటు తాగుతూ, ఎక్కడో ఉన్న కంపెనీ మాట వింటుందట ఆ డబ్బా. ఒకప్పుడు కోస్గిలో మా ఇంట్లో ఇలాంటిదే నల్లటిది ఒకటి ఉండేదని, అక్షరం ముక్క రాని మా అవ్వ మాట తప్ప అది ఇంకెవరి మాటా వినేది కాదని చెబుదామనుకున్నాను గానీ అతనికి ఇంకో ఇంటికి పోయే తొందర ఉంది. మీకు తొందర లేకపోతే చెబుతాను.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులు. నేను ఇంటర్ అయిపోయి, డిగ్రీలో చేరబోతూ, ఆ ఎండాకాలమంతా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మా ఇల్లు కుడిఎడమలుగా రెండు భాగాలు. ఒక వైపు మేము, ఒక వైపు చిన్నాయన వాళ్లు. రెండింటికీ ముందర ఒకటే వరండా, ఒకటే వాకిలి, వాకిలికి ఆ చివర పశువుల కొట్టం. పొద్దున లేచేసరికి కందికట్టె మండే వాసన, దాని వెనకే జొన్నరొట్టె కాలే వాసన వచ్చేవి. ఇంటికి పెద్ద మా నాయిన తల్లి. కొడుకులూ కోడళ్లూ మనవలూ, వాడకట్టులో సగం మందీ ఆమెను అవ్వ అనే పిలిచేవారు. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ముఖం చూసి చెప్పేది. అబద్ధం చెబితే పొట్ట మీద వేలితో పొడిచి చూసేది. అవ్వకు కరెంటంటే భయం లేదు గానీ ఉరుమంటే భయం. ఒకసారి పిడుగు పడి మా వాడకట్టులో టీవీలన్నీ కాలిపోయాయి. అప్పటినుంచి ఆకాశం ఎక్కడో తాండూరు వైపు చిన్నగా గొణిగినా సరే, అవ్వ చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని ఇల్లంతా తిరిగి ప్లగ్గులన్నీ పీకేసేది. ఫ్యాను, ఫ్రిజ్జు, చార్జింగు పెట్టిన ఫోను, ఏదీ వదిలేది కాదు. మా వైపు అయిపోయాక చిన్నాయన వైపు పోయేది. మా దగ్గర చాలా ఇళ్లల్లో ముసలివాళ్లకు ఈ అలవాటు ఉంది గానీ మా అవ్వంత నిష్ఠగా చేసిన వాళ్లను నేను చూడలేదు.

ఆ ఇంట్లో అన్నదమ్ములకు మాటలు లేవు. కారణం ఎడ్లు. చిన్నాయనకు ఎడ్లంటే ప్రాణం. పొలానికి పోయినా పోకపోయినా పొద్దున్నే వాటికి నీళ్లు పోసి, గంగడోలు నిమిరి గానీ చాయ్ తాగేవాడు కాదు. ఆయన అత్తగారింటికి పోయిన సమయం చూసి మా నాయిన ఆ జతను మక్తల్ అంగడికి తోలుకుపోయి అమ్మేశాడు. ట్రాక్టర్ కిరాయికి దొరుకుతుంటే ఇంకా ఎడ్లెందుకనేది నాయిన లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు గానీ తమ్ముడిని ఒక మాట అడగకపోవడం మాత్రం తప్పే. చిన్నాయన తిరిగొచ్చి కొట్టంలో ఎడ్ల గుంజలు ఖాళీగా ఉండడం చూశాడు. అరవలేదు, కొట్లాడలేదు. ఆ రోజు నుంచి మా నాయినను 'అన్నా' అని పిలవడం మానేశాడు. మరునాటికి పొయ్యి వేరైంది, బియ్యం డబ్బా వేరైంది. ఎండాకాలం రాగానే ఒక ట్రాక్టర్ ఇటుకలు తెచ్చి వాకిలి నడిమధ్య దించాడు, గోడ కట్టడానికి. అవ్వ ఆ ఇటుకల మీద కూర్చొని, "నేను సచ్చినంక కట్టుకోండ్రి. నా కండ్ల ముంగట వద్దు. నా ఇద్దరు కొడుకులు ఒక్క కాడ కూసోని బువ్వ తినంగ సూడాలె నేను" అంది. గోడ పని ఆగింది గానీ ఇటుకలు అక్కడే ఉండిపోయాయి. అవ్వ పగటి బువ్వ ఒక ఇంట్లో, రాత్రి బువ్వ ఇంకో ఇంట్లో తింటూ రెండు చోట్లా అరకొరగా లేచిపోయేది.

ఇన్ని వేరయినా వైఫై మాత్రం వేరు కాలేదు. కేబుల్ ఆయన దగ్గర గొడవకు ముందే తీసుకున్న కనెక్షన్ అది. డబ్బాను వరండా మధ్యలో, పూర్వం దీపం పెట్టే గూట్లో పెట్టారు, రెండు ఇళ్లకూ సమానంగా అందాలని. దసరాకు అవ్వ కొడవళ్లతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టింది. నాయిన చీకటి పడుతూనే ఫోన్లో లీడర్ల చర్చలు పెట్టుకొని వాళ్ల కంటే గట్టిగా అరిచేవాడు. చిన్నాయన కర్ణాటక వైపు జరిగే ఎడ్ల పందేల వీడియోలు చూసుకుంటూ కండ్లు తుడుచుకునేవాడు. మాట్లాడుకోవలసిన అవసరం పడితే ఇద్దరికీ మధ్యవర్తి మా బర్రె. "బోరు మోటరు బందు జెయ్యమని సెప్పే" అని చిన్నాయన దాని ముఖం చూసి గట్టిగా అనేవాడు. "జేస్త తియ్యి, తొందరేంది అని సెప్పు" అని నాయిన దాని తోక వైపు నిలబడి జవాబిచ్చేవాడు. మా అమ్మా చిన్నమ్మా మాత్రం వెనక దొడ్లో కూరలు మార్చుకుంటూ మొగుళ్ల మీద నవ్వుకునేవారు.

నా దోస్తు సబీహా ఇల్లు మా వెనక గల్లీలోనే. వాళ్ల అబ్బాకు బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఆమెకు అక్కడి పాత సామాన్లు విప్పి చూడడం, దొరికినదల్లా చదవడం పిచ్చి. ఒక రోజు ఎగిరి గంతేస్తూ వచ్చింది. "మీ డబ్బ ఏ కంపెనీదో సూసిన. దాని లోపలి ప్రోగ్రాం మొత్తం తీసేసి వేరేది ఎక్కియ్యొచ్చు. ముఫ్తు, పైస గూడ అడగరు. దునియాల ఎవరెవరో కూసొని రాసి పెట్టిండ్రు, ఎవలన్న ఇప్పి సూసుకోవచ్చు, మార్సుకోవచ్చు" అంది. దాంతో మాకేమి లాభమని అడిగాను. మీ చిన్నాయన ఎడ్లు నెట్ అంతా తినేయకుండా అందరికీ సమంగా పంచవచ్చని చెప్పింది. అసలు సంగతి వేరే ఉంది. ఆ కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తే మా సిగ్నల్ గల్లీ దాటి వాళ్ల మిద్దె దాకా వస్తుందేమోనని ఆమె ఆశ. నాకూ ఆ ఆశ గురించి తెలుసు. ఇద్దరం ఏమీ తెలియనట్టు తలలూపుకున్నాం.

మగవాళ్లు పొలానికి పోయిన ఒక మధ్యాహ్నం సబీహా వాళ్ల అన్న లాప్‌టాప్ బురఖా కింద దాచుకొని తెచ్చింది. డబ్బాకు వైరు తగిలించి, ఏదో ఫైలు ఎక్కించడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో ఒక హెచ్చరిక వచ్చింది, పని అయ్యేదాకా కరెంటు తీయవద్దని. "కరెంటు పోతే?" అన్నాను. "పోదు. పొద్దుగాలనే పోయొచ్చింది గదా, ఇయ్యాల్టికి అయిపోయింది" అంది. ఆమె అన్నట్టే కరెంటు పోలేదు. కానీ పడమటి దిక్కున మబ్బు పట్టింది. ఎక్కడో దూరంగా, మేం పట్టించుకోనంత మెల్లగా ఉరిమింది. మేమిద్దరం స్క్రీన్‌లోకి ముక్కులు పెట్టి కూర్చున్నాం. వెనక నుంచి ఒక ముడతలు పడ్డ చేయి మా ఇద్దరి భుజాల మధ్య నుంచి చాచుకొని వచ్చి గూట్లోని ప్లగ్గును పీకింది. "మెరుపులు వస్తుంటే దీని ముంగట కూసుంటరా? అక్కల్ లేదా మీకు?" అని మమ్మల్ని తిట్టి, అవ్వ ఫ్రిజ్జు ప్లగ్గు పీకడానికి లోపలికి పోయింది. సబీహా "యా అల్లా" అని నెత్తి పట్టుకుంది. వాన రాలేదు, గాలి దుమారం మాత్రం వచ్చి పోయింది. ప్లగ్గు మళ్లీ పెట్టి చూస్తే డబ్బాకు ఒకే ఒక్క లైటు మినుకుమంటోంది. లోపలి పాత ప్రోగ్రాం పోయింది, కొత్తది సగంలో ఆగింది.

సాయంత్రానికి ఇద్దరు మగవాళ్లూ ఇల్లు చేరారు. కాళ్లు కడుక్కొని ఫోన్లు తీశారు. మా నాయిన ఫోనును అటు తిప్పి ఇటు తిప్పి వరండాలోకి వచ్చాడు. అటు నుంచి చిన్నాయన కూడా వచ్చాడు. ఇద్దరూ ఫోన్లు పైకెత్తి పట్టుకొని, ఒకరికొకరు తగలకుండా వరండాలో తిరుగుతూ, చివరికి గూటి ముందు నిలబడ్డారు. "ఏమైందో ఏమో, వస్తలేదు" అన్నాడు నాయిన గోడతో. "గాలికి వైరు తెగిందేమో" అన్నాడు చిన్నాయన స్తంభంతో. బర్రె కొట్టంలో ఉంది, దానికి ఈ మాటలు వినపడలేదు. ఎడ్లు పోయినప్పటినుంచీ వాళ్లిద్దరూ ఒకే చోట అంతసేపు నిలబడడం అదే మొదలు. గుమ్మంలో కూర్చొని బియ్యం చెరుగుతున్న అవ్వ చేట ఆపి వాళ్లనే చూస్తూ ఉండిపోయింది.

మరునాడు సబీహా వచ్చీ రాగానే అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "సబియా, గా డబ్బ మల్ల బతుకుతదా?" అని అడిగింది.

"బతుకుతది అవ్వా, ఫికర్ జెయ్యకు. రాత్రంత సదివిన. ఎన్కకున్న బటన్ ఒత్తి పట్టుకొని కరెంటియ్యాలె, అప్పుడు అది నోరు తెరుస్తది. ప్రోగ్రాం మల్ల ఎక్కియ్యాలె."

"బతికినంక నేను జెప్పినట్టు ఇంటదా?"

సబీహా నా వైపు చూసింది. "ఇంటది. ఇంతకుముందు కంపెనీ జెప్పిందే ఇంటుండె. ఇప్పుడు ఇంట్లోళ్లు ఏం జెప్పితే గది ఇంటది."

"అయితే నేను వండింది తిన్నోల్లకే రావాలె" అంది అవ్వ.

మాకిద్దరికీ నవ్వు ఆగలేదు. సబీహా జడపిన్నుతో బటన్ నొక్కి పట్టుకొని, వైరు పెట్టి, డబ్బాను బతికించింది. ఆ తర్వాత అవ్వ కోరింది ఎలా చేయాలో ఇద్దరం కూర్చొని ఆలోచించాం. చీకటి పడే వేళకు వైఫై తనంతట తానే మూతపడుతుంది. ఫోన్లో ఒక పేజీ తెరుచుకొని, 'ఈ పూట అవ్వ ఏం వండింది?' అని అడుగుతుంది. సరిగ్గా చెబితే నెట్ వస్తుంది. తప్పు చెబితే 'గది గాదు బిడ్డా' అని వస్తుంది. ఆ మాటలు నేనే రాశాను. అవ్వ వండింది నా చెవిలో చెప్పడం, నేను దాన్ని డబ్బాలోకి ఎక్కించడం, అంతే పని. అవ్వ వాకిట్లోని ఇటుకల కుప్పలోంచి మూడు లాగి, కుప్ప పక్కనే పొయ్యి పెట్టుకుంది. చిన్నాయన చూశాడు గానీ తల్లి పొయ్యికి తీసుకున్న ఇటుకలను ఎట్లా అడుగుతాడు? కోడళ్లిద్దరికీ రాత్రి వంట మానేయమని, ఏం వండుతున్నదీ మొగుళ్లకు చెప్పవద్దని అవ్వ హుకుం జారీ చేసింది. వంట తప్పింది గనుక వాళ్లకు అంతకంటే సంతోషం లేదు.

మొదటి రోజు మా నాయిన ఆ పేజీ చూసి ఉలిక్కిపడ్డాడు. "మనమేం తింటున్నమో కంపెనోనికెందుకే?" అని నన్ను అడిగాడు. కొత్త రూలు కావచ్చునన్నాను. పప్పు అని కొట్టాడు. కాదంది. చాలాసేపు ఫోను వైపే చూసి, "కంపెనోడు నన్ను బిడ్డా అంటడేంది?" అన్నాడు. చిన్నాయన మాత్రం ఇదేదో ఇంటింటి సర్వే అనుకొని శ్రద్ధగా చికెన్ అని కొట్టాడు, మన ఇల్లు తక్కువగా కనపడొద్దని. దానికీ అదే జవాబు. అవ్వను అడిగితే, "పల్లెం దెచ్చుకో, మూత తీస్త, నువ్వే సూడు" అనేది. రెండు రోజులు మొండికేశారు. అప్పట్లో ఫోన్లో నెట్ వేయించుకుంటే ఒక పందెం చూసేలోపే అయిపోయేది, ఎడ్లు గీత దాటకముందే. మూడో రోజు చిన్నాయన పళ్లెం తెచ్చుకొని ఇటుకల వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నాయిన గేటు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. ఒకరికొకరు వీపులు పెట్టుకొని ఇద్దరూ గోకరకాయ, అదే గోరుచిక్కుడుకాయ కూర తిని లేచి, గబగబా దాని పేరు కొట్టారు. 'తిన్నవా? ఇగ సూస్కో' అని పేజీ తెరుచుకుంది.

ఆ తర్వాత మోసాలు మొదలయ్యాయి. మా నాయిన వరండాలోనే కూర్చొని వాసనను బట్టి కనిపెట్టడం నేర్చుకున్నాడు. అది గమనించి అవ్వ నిప్పుల్లో ఎల్లిగడ్డ రెబ్బలు కాల్చేది. నాయిన ఎల్లిగడ్డ కారం అని కొట్టి 'గది గాదు బిడ్డా' అనిపించుకునేవాడు. చిన్నాయన నాకు మిర్చీ బజ్జీలు తెచ్చి పెట్టి మెల్లగా ఆరా తీశాడు. మిర్చీలు తిని అవ్వనే అడగమన్నాను. ఒక సాయంత్రం వాకిలంతా పుల్లటి వాసన కమ్ముకుంది. "పుంటికూర" అన్నాడు నాయిన పైకే, ఫోన్లో కొడుతూ, గోంగూర అనుకొని. ఇటుకల అవతల నుంచి, "పుంటికూర గింత సన్నగ వాసనొస్తదా? చింతచిగురు గది" అన్న గొంతు వచ్చింది. నాయిన ఆగకుండా, "చింతచిగురు ఇప్పుడేడిది? ఎండలు ముదిరినయి" అన్నాడు. "ముదిరితే ఏమాయె, కొమ్మ కొట్టిన కాడ లేతగ వస్తది" అంది ఆ గొంతు. ఇద్దరూ లేచి పోయి చెరో వైపు నుంచి కుండలోకి తొంగి చూశారు. చింతచిగురు పప్పే. చిన్నాయన ముఖంలో గెలుపు కనిపించింది. అయినా మాట గాలిలోకే, మనిషితో కాదు. 'అన్నా' అన్న పిలుపు లేదు. ఇటుకలు ఇటుకలలాగే ఉన్నాయి.

కొన్నాళ్లకు సిమ్‌లు అగ్గువయ్యాయి, అంత చవక ముందెన్నడూ లేదు. ఊళ్లో ప్రతి చేతికీ నెట్ వచ్చింది. నాయినా కొన్నాడు, చిన్నాయనా కొన్నాడు. డబ్బా ముందుకు ఎవరూ రావలసిన పని లేకుండా పోయింది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో నలుగురం నాలుగు ఫోన్లతో నాలుగు మూలల్లో తింటున్నాం. ఏం తింటున్నామో పక్క గదిలో ఉన్నవాళ్లకు తెలియదు, ఫోన్లకు మాత్రం బాగా తెలుసు. కూర పేరు అనుకోగానే దానికి కావలసిన గిన్నె అమ్మజూపుతాయి. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు వస్తుంది. కానీ ఆ సిమ్‌లు వచ్చిన కొద్ది రోజులకు, కోస్గిలో ఒక రోజు, నాకు ఇంత ఆలోచన లేదు, భయం మాత్రమే ఉంది. ఎందుకంటే ఆ పొద్దునే చిన్నాయన పిలిపించిన మేస్త్రి వచ్చి, వాకిట్లో దారం పట్టి, కట్టబోయే గోడకు సున్నంతో గీత గీసి పోయాడు. మరునాడు పని మొదలు.

"అవ్వా, ఇగ డబ్బతోని పని లేదు. అందరి జేబులల్ల నెట్ ఉంది" అని చెప్పాను ఆమెకు.

"ఉంటే ఉండనీ. పొయ్యి అంటుపెట్టు" అంది.

పొయ్యి అంటించాను. అవ్వ కుండ ఎక్కించి, మూత పెట్టి, దాని పక్కనే బాసింపట్టు వేసుకొని కూర్చుంది. ఏం వండుతున్నావని నేను అడిగినా చెప్పలేదు. చీకటి పడుతుండగా చిన్నాయన ఫోన్లో ఎడ్లను ఉరికించుకుంటూ బయటికి వచ్చాడు. వాకిట్లో సున్నం గీత మీద నిలబడ్డాడు. అలవాటుగా పళ్లెం తెచ్చుకొని కూర్చున్నాడు.

"ఏం వండినవే అవ్వా?"

"పెద్దోన్ని రానీ."

"నాకాకలైతుంది."

"కానీ."

చిన్నాయన నా వైపు తిరిగాడు. "పోయి పిలువు పో మీ నాయినను" అన్నాడు. నేను లేవబోయాను. "అది పోదు, దానికి పనుంది" అంది అవ్వ. నాకు ఏ పనీ లేదు, కూర్చున్నాను. చిన్నమ్మ వైపు చూశాడు. "దానికీ పనుంది" అంది అవ్వ. చిన్నమ్మ వెంటనే కొంగుతో నోరు మూసుకొని లోపలికి పోయింది. చిన్నాయన బర్రె వైపు కూడా ఒకసారి చూశాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకొని లేచి, మా గడప ముందు పోయి నిలబడ్డాడు. లోపల నాయిన లీడర్ల మీద అరుస్తున్నాడు. చిన్నాయన దగ్గాడు. చేత్తో దర్వాజాను రుద్దాడు.

"అన్నా" అన్నాడు.

లోపల లీడర్ల గొంతు ఆగిపోయింది.

"రా. నువ్వొస్తే గాని మూత తియ్యదట."

నాయిన బయటికి వచ్చాడు. "ఏం వండిందంట?" అన్నాడు. "ఏమెర్క, సెప్తలేదు" అన్నాడు చిన్నాయన. ఇద్దరూ వచ్చి పొయ్యి ముందు పక్కపక్కన కూర్చున్నారు. అవ్వ మూత తీసింది. కుండలో కూర లేదు, అన్నం లేదు. ఎసరు మాత్రం బుడబుడా తెర్లుతోంది.

"ఇద్దరొస్తరో రారో అని బియ్యం పొయ్యలె" అంది అవ్వ. "ఉడికేదాక మాట్లాడుకోండ్రి."